పొట్లముల కొలత – వాకిటి కావలి



ఈ దినమున నేను ముచ్చటింపదలచినది ఒక సంఖ్యయొక్క చరిత్ర. ఆ సంఖ్య 1500. కంప్యూటర్ల నడుమ తీగలమీద ప్రయాణము చేయు సమాచారపు పొట్లము ఒక్కొక్కటి ఎంత పొడవుండవచ్చునో తెలుపు పరిమితి యిది. పరదేశముననున్న కుమారునకు వ్రాసిన జాబైనను, బ్యాంకిలోని లెక్కయైనను, భూమి పత్రపు నకలైనను నేడు తీగ మీదికెక్కునప్పుడు చిన్న చిన్న పొట్లములుగా విడిపోయి, ఆవలి యొడ్డున మరల ఒకటిగా కూడుకొనుచున్నది. ఈ కొలతను ఎవరు, ఎందుకు విధించిరి, దానిని కాపాడవలసిన కావలివాడు ఏమరినప్పుడు ఏ యనర్థములు కలిగినవి అనునదియే నా ప్రసంగ విషయము.

రైలుమార్గముల చరిత్ర తెలిసినవారికి ఇది సులభముగా బోధపడును. గుంతకల్లు జంక్షనులో వెడల్పు పట్టాల దారియు, మీటరు పట్టాల దారియు కలిసియుండిన దినములను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. ఒక దారిమీద వచ్చిన సరకు బండి రెండవ దారిమీద నడువజాలదు. బస్తాలను దింపి, వేరు బండ్లలో ఎక్కింపవలసినదే. పెద్ద బండిలోని సరకు చిన్న బండ్లలో రెండు మూడు భాగములుగా పోవలసివచ్చును. దారికొక కొలత యున్నచోట దారులు కలియు కూడలిలో చిక్కు తప్పదు. సమాచారపు దారులకును సరిగా ఇట్టి చిక్కే పట్టినది.

ముందుగా కొలమానమును చెప్పెదను. అవును, కాదు అను రెండింటిలో ఒకదానిని తెలుపు గుర్తునకు బిట్టని పేరు. ఎనిమిది బిట్లు ఒక బైటు. ఇంగ్లీషు అక్షరమొకటి ఒక బైటు పట్టును. మన తెలుగు లిపిలోని ప్రతి గుర్తును, అక్షరమైనను, గుణింతమైనను, పొల్లైనను, నేడు వాడుకలోనున్న పద్ధతిని మూడేసి బైట్లు పట్టును. 'స్త్రీ' యని వ్రాసితిమేని, మూడు హల్లులు, వానిని జతపరచు రెండు పొల్లులు, ఒక గుడి దీర్ఘము, వెరసి ఆరు గుర్తులు, 18 బైట్లు. 1500 బైట్ల పొట్లములో చిరునామా మొదలగు పై వ్రాతలకు సాధారణముగా 40 బైట్లు పోవును. మిగిలిన 1460 బైట్లలో తెలుగు గుర్తులు 486 మాత్రమే పట్టును. అనగా ఒక పోస్టుకార్డు మీద పట్టు సంగతి. నేను ఈ ప్రసంగమును తీగమీద పంపితినేని ఎన్నో పొట్లములు కట్టవలసియుండును.

సమాచారమును పొట్లములుగా కట్టవలెనను ఆలోచన ఇద్దరికి వేర్వేరుగా కలిగినది. అమెరికాలో రాండ్ సంస్థకు చెందిన పాల్ బారన్ అను నాతడు, యుద్ధములో కొన్ని కేంద్రములు నాశమైనను వార్తలు ఆగకుండ నడుచు మార్గమును వెదకుచు, 1964 లో తన పరిశోధనను ప్రకటించెను. ఇంగ్లండులో జాతీయ భౌతిక ప్రయోగశాలయందు డోనాల్డ్ డేవిస్ 1965 లో ఇట్టి యూహనే చేసి, దానికి 'ప్యాకెట్టు' అను పేరు పెట్టెను. మన భాషలో పొట్లమనుట దానికి తగిన మాటయే. ఒకరి సంగతి ఒకరెరుగకయే యిరువురును పొట్లమునకు 1024 బిట్ల కొలతను ఎన్నుకొనుట విశేషము. అది 128 బైట్లు.

చిన్న పొట్లము ఎందుకు? దారిలో ఒక్క బిట్టు చెడినను పొట్లమంతయు చెడినట్లే. పొట్లము చిన్నదైనచో తిరిగి పంపవలసినది కొంచెమే. ఒకని పెద్ద మూట దారినంతయు ఆక్రమించుకొన్నచో వెనుకనున్న వారందరును వేచియుండవలెను. చిన్న పొట్లములైనచో అందరికిని వంతు దొరకును. మూడవ కారణము, నడుమనున్న మజిలీ యంత్రములలో చోటు మిక్కిలి తక్కువగా నుండుట. 1969 అక్టోబరు 29 వ తేదీన లాస్ ఏంజలీసులోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునుండి స్టాన్‌ఫర్డ్ పరిశోధనాలయమునకు అర్పానెట్టుమీద మొదటి వార్త పోయినప్పుడు, మజిలీలలోనున్న యంత్రము ఒక్కొక్కదాని జ్ఞాపకశక్తి సుమారు 24 వేల బైట్లు. అందుచేత ఆ వలయందు ఒక వార్త సుమారు ఎనిమిది వేల బిట్లకు మించరాదనియు, దానిని వేయి బిట్ల చొప్పున ఎనిమిదికి మించని పొట్లములుగా కట్టవలెననియు నియమించిరి.

ఇక 1500 కథకు వత్తము. కాలిఫోర్నియాలోని పాలో ఆల్టో నగరమున జిరాక్స్ సంస్థవారి పరిశోధనాలయములో రాబర్ట్ మెట్‌కాఫ్ 1973 మే 22 వ తేదీన ఒక లేఖ వ్రాసెను. ఒక భవనములోని కంప్యూటర్లనన్నిటిని ఒకే తీగకు తగిలించి, వానిచే వంతులవారిగా మాటలాడించు ఉపాయమును అందులో వివరించెను. దానికి ఈథర్‌నెట్ అని పేరు. డేవిడ్ బాగ్స్ తోడ్పాటుతో అది కార్యరూపము దాల్చెను. 1980 సెప్టెంబరు 30 వ తేదీన డిజిటల్, ఇంటెల్, జిరాక్స్ అను మూడు సంస్థలు కలిసి, సెకనుకు కోటి బిట్లు పంపు ఈథర్‌నెట్ నియమావళిని ప్రకటించెను. అందులో పొట్లపు సరకు 1500 బైట్లకు మించరాదనియు, 46 బైట్లకు తగ్గరాదనియు ఉన్నది.

పై హద్దునకు కారణము మీరు ఇప్పటికే గ్రహించియుందురు. తీగను ఒక్కడే చిరకాలము పట్టుకొనరాదు. ఆనాడు వెలహెచ్చుగానుండిన జ్ఞాపకపు చోటును పెద్ద పొట్లములకై కేటాయింపరాదు. క్రింది హద్దునకు కారణము వేరు. ఒకే తీగమీద ఇద్దరు ఒక్కసారి మాటలాడినచో మాటలు ఢీకొని చెడును. ఢీకొన్న సంగతి సుమారు రెండున్నర కిలోమీటర్ల తీగ చివరనుండి తిరిగి వచ్చులోపల, పంపువాడు ఇంకను పంపుచునే యుండవలెను. లేనిచో తన పొట్లము చెడినదని వానికి తెలియదు. ఆ లెక్కచేత పై కవచముతో కూడ 64 బైట్లకు తగ్గిన పొట్లము పనికిరాదని నిర్ణయించిరి. చెప్పవలసినది ఒక్క మాటయే యైనను, మిగిలిన చోటును ఏదో ఒకదానితో నింపి పంపవలెను. ఈ నింపుడు సంగతిని గుర్తుంచుకొనుడు. ముందు దీనితో పనియున్నది.

ఈ హద్దులను కాపాడు బాధ్యత ఎవరిది? కంప్యూటరునకు తీగను తగిలించు పరికరమొకటి కలదు. ఆ పరికరమును నడిపించు ఆజ్ఞల సముదాయమునకు డ్రైవరని పేరు. ఈ డ్రైవరు మనుష్యుడు కాడు. పరికరపు తయారీదారులో, ఇతర నిపుణులో వ్రాసియుంచిన ఆజ్ఞల వరుస మాత్రమే. పరికరపు భాష ఈతనికి తెలియును, కంప్యూటరు భాషయు తెలియును. కోటకు వాకిటి కావలి యెట్టివాడో కంప్యూటరునకు ఈతడట్టివాడు.

ఈతని పనులు మూడు. మొదటిది, ఈ వాకిలి ఎంత పొట్లమును పట్టునో లోపలివారికి ముందుగా తెలుపుట, అంతకు మించినదానిని బయటికి పంపకుండుట. రెండవది, మరీ చిన్న పొట్లమును నింపి పంపుట. మూడవది, వెలుపలినుండి వచ్చు పొట్లములను పట్టుటకు చాలినంత పాత్రలను ముందుగా సిద్ధపరచి పరికరమునకు అప్పగించుట. పరికరము తానే ఆ పాత్రలలో సరకును పోయును. పాత్ర చిన్నదైనచో సరకు నేలపాలగును. లేదా ప్రక్కనున్న వేరొకని పాత్రలో పడును. రెండవది మరింత ప్రమాదకరము.

ఇచ్చట సూక్ష్మమొకటి కలదు. 1500 అనునది లోపలి సరకు కొలత. చిరునామాకు 14 బైట్లు, చివర సరిచూచుకొను సంఖ్యకు 4 బైట్లు కలుపగా పొట్లము 1518 బైట్లగును. ధాన్యము తూచునప్పుడు గోనెసంచి బరువును ఎటు వేసికొందుమన్న ప్రశ్న వంటిదే యిది. 1998 లో ఒకే తీగమీద పలు వర్గముల రాకపోకలను వేరుపరచుటకై పొట్లమునకు మరి 4 బైట్ల ముద్రను చేర్చుటకు అనుమతించిరి. అప్పటికి 1522 అయ్యెను. 1518 కే గిరిగీసికొన్న పాత డ్రైవర్లు కొన్ని, నిండు పొట్లము ముద్రతో వచ్చినప్పుడు దానిని పారవేసినవి. చిన్న పొట్లములు చక్కగా వచ్చుచునేయుండెను. అందుచేత రోగమెక్కడనున్నదో కనుగొనుట కష్టమయ్యెను.

ఒక వలకు ఒక కొలత యున్నంతవరకు బాధ లేదు. వలలు కలిసినప్పుడే చిక్కు. 1974 మే నెలలో వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ అను నిరువురు, భిన్నములైన వలలను ఒకటిగా కలుపు పద్ధతిని ప్రకటించిరి. పెద్ద కొలత వలనుండి చిన్న కొలత వలకు పోవు కూడలిలో పొట్లమును ముక్కలు చేయవచ్చుననియు, ఆ ముక్కలను గమ్యస్థానమందే కూర్పవలెననియు వారు నిర్దేశించిరి. మన గుంతకల్లు పద్ధతియే. 1981 సెప్టెంబరులో జాన్ పోస్టెల్ సంపాదకత్వమున వెలువడిన ఇంటర్నెట్ నియమములో రెండు కనిష్ఠ సంఖ్యలు కలవు. ప్రతి కంప్యూటరును 576 బైట్ల పొట్లమును స్వీకరింపగలిగియుండవలెను. ప్రతి దారియు 68 బైట్ల పొట్లమును ముక్కలు చేయకుండ దాటింపవలెను. ఈ 68 ఎట్లు వచ్చినది? చిరునామా పత్రము మిక్కిలి పొడవైనచో 60 బైట్లు; ముక్కలలో మిక్కిలి చిన్నది 8 బైట్లు; రెండును కలిసి 68.

ముక్కలు చేయుట సులభము, నష్టము ఎక్కువ. 1987 లో క్రిస్టొఫర్ కెంట్, జెఫ్రీ మోగల్ అను వారు ఈ పద్ధతి హానికరమని ఒక వ్యాసములో వాదించిరి. ముక్కలలో ఒక్కటి పోయినను మిగిలినవన్నియు వ్యర్థములు. ఉదాహరణకు, దారిలో నూటికొక ముక్క పోవుననుకొందము. పొట్లమును ఆరు ముక్కలు చేసితిమేని నూటికి ఇంచుమించు ఆరు పొట్లములు చెడును. 1990 నవంబరులో మోగల్, స్టీఫెన్ డీరింగ్ మరియొక మార్గమును చూపిరి. పంపువాడు పొట్లముమీద 'ముక్కలు చేయరాదు' అని గుర్తు పెట్టును. దారిలో ఇరుకు వచ్చినచో అచ్చటి కూడలి ఆ పొట్లమును పారవేసి, 'నా దారి యింత మాత్రమే పట్టును' అని పంపువానికి చీటి వ్రాయును. పంపువాడు కొలత తగ్గించుకొని మరల పంపును. 1995 డిసెంబరులో వెలువడిన ఆరవ కూర్పు నియమమైతే నడుమనున్న కూడలులు ముక్కలు చేయుటను బొత్తిగా నిషేధించినది. 1998 డిసెంబరులో దానిని సవరించినప్పుడు ప్రతి దారియు కనీసము 1280 బైట్లు పట్టవలెనని విధించిరి.

ఈ యేర్పాటు యావత్తును ఆ చిన్న చీటిమీద ఆధారపడియున్నది. చీటి రాకున్న ఏమగును? ఇంటర్నెట్టులో దుర్మార్గుల బెడద హెచ్చిన పిమ్మట, అనేక సంస్థలవారు తమ వాకిళ్లయొద్ద కాపలా యంత్రములను నిలిపి, పరిచితములు కాని చీటీలను లోనికి రానీయకుండిరి. దొంగలతోపాటు తంతిబంట్రోతును కూడ గెంటివేసినట్లయ్యెను. సరిగా ఆ కాలముననే, 1999 ఫిబ్రవరిలో, టెలిఫోను తీగలమీద ఇంటింటికి ఇంటర్నెట్టునిచ్చు ఒక పద్ధతి ప్రకటింపబడెను. దానిలో పై కవచము 8 బైట్లు తినివేయును. 1500 కు బదులు 1492 మాత్రమే మిగులును. మన దేశములోను 2005 మొదలు టెలిఫోను తీగలపై వ్యాపించిన బ్రాడ్‌బ్యాండులో ఈ పద్ధతి విరివిగా నడచినది.

ఎనిమిది బైట్ల తేడాకు ఫలితమెట్టిదో వినుడు. ఇంటివాడు ఒక సంస్థను పిలుచును. పలకరింపు చిన్నది గనుక పోవును. బదులు పలకరింపు వచ్చును. అసలు పత్రము మాత్రము నిండు పొట్లములుగా బయలుదేరి ఇరుకు దారియొద్ద ఆగిపోవును. ఆగిన సంగతి తెలుపు చీటి కాపలాయొద్ద చచ్చును. పంపువాడు అదే పొట్లమును మరల మరల పంపుచునే యుండును. పొందవలసినవాడు ఖాళీ పుటను చూచుచు కూర్చుండును. తీగ తెగలేదు, యంత్రము చెడలేదు, ఎవరును కాదనలేదు, ఐనను పని జరుగదు. నిపుణులు దీనికి కృష్ణబిలమని పేరిడిరి. 2000 సెప్టెంబరులో ఈ దోషమును వివరించుచు ప్రత్యేక పత్రమే వెలువడెను. కొన్ని కూడలులు మొదటి పలకరింపులోనే కొలత మాటను దిద్ది తగ్గించుట నేర్చినవి. 2007 మార్చిలో మ్యాట్ మాథిస్, జాన్ హెఫ్నర్ వ్రాసిన పద్ధతి, చీటీలను నమ్ముకొనక, వేర్వేరు కొలతల పొట్లములను పంపి ఏది చేరినదో చూచి, దారి వెడల్పును తానే కనుగొనును. చీకటిలో ఏరు దాటువాడు కర్రతో లోతు చూచుకొనునట్లు.

ఇక డ్రైవరు ఏమరిన ఉదంతములు రెండు చెప్పెదను. మొదటిది ఇందాకటి నింపుడు సంగతి. చిన్న పొట్లములో మిగిలిన చోటును సున్నలతో నింపవలెనని 1984 ఏప్రిలు నాటి పత్రములోనే యున్నది. ఐనను, కొందరు డ్రైవరు రచయితలు క్రొత్తగా నింపు శ్రమ దేనికని, పాత్రలో అంతకుముందున్న పాత సరకుతోనే పొడవు సరిపుచ్చి పంపిరి. ఆ పాత సరకు ఏమి? అదే కంప్యూటరు అంతకు మునుపు పంపిన వేరొకరి వార్త తునక కావచ్చును; లోపలి జ్ఞాపకములోని రహస్యమే కావచ్చును. 2003 జనవరిలో ఇరువురు పరిశోధకులు దీనిని బయటపెట్టువరకు, పలు సంస్థల డ్రైవర్లు ఈ విధముగా పరుల సొత్తును పొట్లపు మడతలలో పెట్టి వీధిలోనికి పంపుచునేయుండెను. పొట్లము కొలతకు సరిపోయినది. నియమపు అక్షరము నెరవేరినది. కాని రహస్యము బయటపడినది.

రెండవ యుదంతము 2009 నాటిది. లినక్స్ అను ప్రసిద్ధ కంప్యూటరు వ్యవస్థలో విరివిగా వాడబడిన ఒక డ్రైవరు, హద్దు మించిన పొడవుగల పొట్లము వెలుపలినుండి వచ్చినప్పుడు దానిని సరిగా కొలువలేదు. పాత్ర పొంగి ప్రక్క జ్ఞాపకము చెడి యంత్రమంతయు కూలుటకు అవకాశము కలిగెను. దూరముననున్న శత్రువు ఒక పొడవు పొట్లముతో ఇంటిలోని యంత్రమును పడగొట్టవచ్చునన్నమాట. వేరొక డ్రైవరు పొడవు పొట్లపు మొదటి పాత్రను పారవేసి, రెండవ పాత్రలో మిగిలిన తోకను క్రొత్త పొట్లమని నమ్మి లోనికి తీసికొనెను. ఆ తోకలో ఏమి వ్రాయవలెనో పంపువాని చేతిలోనిది! రెండును ఆ దరినే సరిదిద్దబడినవి. దోషములకు మూలమొక్కటే: 'మా హద్దు 1500 గదా, అంతకు మించినది రాదు' అను నమ్మకము. హద్దు మన మాట. వచ్చునది ఎదుటివాని చేత.

ఈ నడుమ తీగల వేగము వర్ధిల్లెను. 1980 లో కోటి బిట్లు పోయిన సెకనులో 2002 నాటి ఈథర్‌నెట్ వేయి కోట్ల బిట్లను పంపెను. కొలత మాత్రము 1500 గానే నిలిచినది. ఆనాడు సెకనుకు 812 నిండు పొట్లములు పట్టిన వాకిట ఇప్పుడు ఎనిమిది లక్షల పైచిలుకు పట్టును. వానిలో ప్రతిదానికి డ్రైవరు పనిచేయవలెను. 1998 ప్రాంతమున ఆల్టియన్ అను సంస్థ 9000 బైట్ల పెద్ద పొట్లములను ప్రవేశపెట్టెను. ఒక యజమాని చేతనున్న వలలలో అవి చక్కగా నడుచుచున్నవి. కాని దారిలోని ప్రతి యంత్రమును ఒప్పుకొన్నగాని పెద్ద పొట్లము పోదు. ప్రపంచమునందలి యంత్రములన్నిటిని ఒక్కదినమున మార్చుట ఎవరి తరము? అందుచేత లోపల అరువది వేల బైట్ల మూటనే పరికరమున కప్పగించి, వాకిటియొద్ద పరికరముచేతనే 1500 చొప్పున పొట్లములు కట్టించు ఉపాయమును కనిపెట్టిరి.

కావలివారి విషయములోను ఒక సంస్కరణ జరిగెను. లినక్స్‌లో వందలకొలది డ్రైవర్లు ఎవరికి తోచినట్లు వారు కొలతను పరీక్షించుకొనుచుండెడివి. ఒకే పరీక్షను పలువురు వేర్వేరుగా వ్రాసినచో ఎక్కడనో ఒకచోట తప్పు దొరలును. 2017 ఫిబ్రవరిలో వెలువడిన 4.10 అను కూర్పునుండి, ప్రతి డ్రైవరును తన కనిష్ఠ గరిష్ఠములను ప్రకటింపవలెననియు, పరీక్షను మాత్రము నడుమనున్న ఒకేచోట చేయవలెననియు ఏర్పరచిరి. ఏమియు ప్రకటింపని ఈథర్‌నెట్ డ్రైవరునకు సామాన్య హద్దులు వర్తించును. ఆ హద్దులేవి? క్రిందిది 68, పైది 1500. మొదటిది 1981 నాటి పత్రమునుండి, రెండవది 1980 నాటి నియమావళినుండి వచ్చినవి. తన శక్తిని చాటుకొనుట మరచిన కొన్ని డ్రైవర్లు, వెనుక పెద్ద పొట్లములను మోసినవే యైనను, దిద్దుబాటు జరుగువరకు 1500 కే పరిమితములై కూర్చుండినవి.

ఈ చరిత్రనుండి నేను గ్రహించినది విన్నవించి ముగించెదను. కొలత పెట్టినవారిని నిందింపవలసిన పనిలేదు. వారు తమనాటి తీగనుబట్టి, తమనాటి వెలలనుబట్టి న్యాయముగానే పెట్టిరి. పదిమందియు ఒప్పుకొన్న కొలత గనుకనే అది యిన్నాళ్లు నిలిచినది. మనకు తెలియని దేశములలోని యంత్రముతో మన యంత్రము మాటలాడగలుగుచున్నది. ఇక కావలివాని ధర్మము మూడు మాటలలో నున్నది. వచ్చినదానిని తానే కొలువవలెను, పంపువాని మాట నమ్మరాదు. మిగిలిన చోటును శుభ్రముగా నింపవలెను, పరుల సొత్తును అందులో పోనీయరాదు. పట్టనిదానిని త్రోసివేసినచో ఆ సంగతి పంపినవానికి తెలుపవలెను. ఈ మూడవది మిక్కిలి ముఖ్యమని నా యభిప్రాయము. పట్టదని చెప్పించుకొన్నవాడు చిన్న పొట్లము కట్టి మరల వచ్చును. చెప్పించుకొననివాడు ఖాళీ పుట యెదుట కూర్చుండి, దోషము తనదో తీగదో తెలియక, కార్యము మానుకొనును.